రాజంపేట లోక్‌సభ నియోజకవర్గం: రాజకీయ చరిత్ర, స్వభావం (మంగంపేట నేపథ్యంలో ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం

రాజంపేట లోక్‌సభ నియోజకవర్గం 1957లో ఏర్పడింది. పాలకొండ, శేషాచలం కొండలకు తూర్పున ఉన్న చెయ్యేటి లోయ, పడమట ఉన్న మదనపల్లె పీఠభూమి అనే రెండు భిన్న ప్రాంతాలు ఇందులో కలిసి ఉన్నాయి. మంగంపేట బెరైటీస్ గనులు తూర్పు భాగంలో, కోడూరు శాసనసభ స్థానం పరిధిలో ఉన్నాయి. 1967 నుంచి 2009 వరకు వరుసగా పన్నెండు ఎన్నికల్లో రాష్ట్రంలో అత్యధిక స్థానాలు గెలిచిన పార్టీకే ఇక్కడి ఓటర్లు పట్టం కట్టారు. 2014 తర్వాత ఆ పోకడ మారింది. ఆ మార్పునకు దారితీసిన భౌగోళిక, పరిపాలనా, రాజకీయ కారణాలను పరిశీలించి, ఖనిజ సంపద ఉన్న చోటికీ రాజకీయ బలం ఉన్న చోటికీ మధ్య ఏర్పడిన దూరాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: రాజంపేట, మంగంపేట, కోడూరు, బెరైటీస్, పునర్విభజన, రాయలసీమ, ప్రాతినిధ్యం.

1. ఉపోద్ఘాతం

ఒక భూభాగానికి ఒక ప్రతినిధి అనే పద్ధతి భారతదేశానికి బ్రిటిష్ పార్లమెంటు నుంచి సంక్రమించింది. స్వాతంత్ర్యానంతరం జరిగిన తొలి రెండు సార్వత్రిక ఎన్నికల్లో కొన్ని చోట్ల ద్విసభ్య స్థానాలు ఉన్నప్పటికీ, 1961 నాటి చట్టంతో అవి రద్దయ్యాయి. అప్పటినుంచి ప్రతి లోక్‌సభ స్థానానికీ ఒక్కరే సభ్యుడు. ఈ పద్ధతిలో నియోజకవర్గపు సరిహద్దులకు ఎంతో ప్రాముఖ్యం ఉంది. ఏ ఊరిని ఏ ఊరితో కలిపి గీత గీశారన్న దానిని బట్టి ఎవరి మాట చెల్లుతుందో, ఎవరి మాట మరుగున పడుతుందో చాలావరకు తేలిపోతుంది.

రాయలసీమ రాజకీయాలపై వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం ముఠాకక్షల చుట్టూ, కొన్ని ప్రముఖ కుటుంబాల చుట్టూ తిరిగాయి. కడప, పులివెందులలపై ఉన్నంత దృష్టి పక్కనే ఉన్న రాజంపేటపై పడలేదు. కాగా ఈ నియోజకవర్గ చరిత్ర సీమ రాజకీయాలకు ప్రచారంలో ఉన్న మూసలో పూర్తిగా ఇమడదు. అందువల్లనే దీనిని విడిగా పరిశీలించవలసి ఉంది.

2. భౌగోళిక, చారిత్రక నేపథ్యం

నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో నేటి రాజంపేట నియోజకవర్గంలోని అధిక భాగం ఉంది. రాజంపేట ప్రాంతం ఆనాడు పుల్లంపేట తాలూకా పేరుతో వ్యవహరింపబడేది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కూడా కడప జిల్లాలోనే ఉండేవి. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు మొదలైన తాలూకాలను విడదీసి చిత్తూరు జిల్లాను ఏర్పరచినప్పుడు మదనపల్లె, వాయల్పాడులను కూడా అందులో చేర్చారు. ఆ విధంగా ఒకే జిల్లాగా ఉన్న కొండకు ఇరువైపుల ప్రాంతాలు రెండు జిల్లాల పాలయ్యాయి. లోక్‌సభ నియోజకవర్గం వాటిని మళ్ళీ ఒకటి చేసింది. అయితే ఈ కలయిక ఓటుకే పరిమితమైంది. కలెక్టరు, కోర్టు, మార్కెట్టు, రైలు వేటిలోనూ రెండు ప్రాంతాలకు పొత్తు కుదరలేదు.

రైలు మార్గాలను చూస్తే ఈ విభజన స్పష్టమవుతుంది. మద్రాసు–బొంబాయి మార్గం తూర్పున నందలూరు, రాజంపేట, ఓబులవారిపల్లె, కోడూరుల మీదుగా సాగుతుంది. కోడూరుకు ‘రైల్వే కోడూరు’ అన్న వాడుక ఆ స్టేషను వల్లనే వచ్చింది. పడమట ధర్మవరం–పాకాల మార్గం మదనపల్లె రోడ్డు, వాయల్పాడు, పీలేరుల మీదుగా పోతుంది. నియోజకవర్గం లోపల ఈ రెండు మార్గాలూ ఎక్కడా కలవవు. రాయచోటి, మదనపల్లెల మీదుగా కడప–బెంగళూరు రైలు మార్గానికి ప్రణాళిక ఉన్నా, కడప–పెండ్లిమర్రి మధ్య భాగమే వాడుకలోకి వచ్చింది.

సాగునీటి విషయంలోనూ పరిస్థితి ఇంతే. పడమటి మెట్ట హంద్రీ–నీవా కాలువలకోసం ఎదురుచూస్తే, తూర్పున కోడూరు ప్రాంతపు ఆశ గాలేరు–నగరి రెండవ దశపై ఉంది. పడమట టమాటా, పాడి ప్రధానం. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశమంతటా పేరొందింది. తూర్పున మామిడి, అరటి, బొప్పాయి, నిమ్మ తోటలు ప్రధానం. వీటికి తోడు తూర్పు కొండల్లో ఎర్రచందనం, భూగర్భంలో ముగ్గురాయి ఉన్నాయి. కొండకు ఇరువైపుల రైతులకు వానదేవుడు ఒక్కడే అయినా, వారి కోర్కెలు మాత్రం వేరువేరు కార్యాలయాలకు చేరుతాయి.

3. తొలి దశ: 1957–1962

1952 సార్వత్రిక ఎన్నికల నాటికి రాజంపేట పేరుతో లోక్‌సభ స్థానం లేదు. ఆ ఎన్నికల్లో కడప స్థానం నుంచి కమ్యూనిస్టు నాయకుడు ఎద్దుల ఈశ్వరరెడ్డి, చిత్తూరు ద్విసభ్య స్థానం నుంచి కాంగ్రెసు అభ్యర్థి టి.ఎన్. విశ్వనాథరెడ్డి ఎన్నికయ్యారు. 1957లో రాజంపేట స్థానం ఏర్పడగా విశ్వనాథరెడ్డి ఇక్కడి తొలి సభ్యులయ్యారు.

1962 ఫలితం విశేషమైనది. రాజగోపాలాచారి ప్రేరణతో, ఆచార్య ఎన్.జి. రంగా అధ్యక్షతన 1959లో స్థాపితమైన స్వతంత్ర పార్టీ ఆ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో గెలిచిన ఒకే ఒక లోక్‌సభ స్థానం రాజంపేట. అభ్యర్థి సి.ఎల్. నరసింహారెడ్డి. అదే ఏడాది చిత్తూరు సభ్యుడు మాడభూషి అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్ళడంతో జరిగిన ఉప ఎన్నికలో రంగా గెలుపొందారు. ఫలితంగా పక్కపక్కనే ఉన్న రెండు స్థానాలు స్వతంత్ర పార్టీ చేతికి వచ్చాయి. సహకార వ్యవసాయంపై నెహ్రూ ప్రభుత్వ విధానాలను వ్యతిరేకిస్తూ పుట్టిన పార్టీకి భూమి గల రైతుల ప్రాబల్యం ఉన్న ఈ ప్రాంతం అనుకూలించింది.

ఇక్కడ పొరుగునున్న కడపతో పోల్చి చూడాలి. కడప ఓటర్లు 1952, 1962, 1967, 1971లలో నాలుగుసార్లు కమ్యూనిస్టు ఈశ్వరరెడ్డిని ఎన్నుకున్నారు. ఒకే నాటి జిల్లాలో ఒక స్థానం వామపక్షానికి, ఆ పక్క స్థానం స్వతంత్ర పార్టీకి మొగ్గడాన్ని బట్టి, ఆ దశలో సీమ ఓటరు కాంగ్రెసుకు ప్రత్యామ్నాయాలను ఎంత భిన్నంగా వెదికాడో గ్రహించవచ్చు.

4. గాలివాటు దశ: 1967–2009

1967 నుంచి కథ మారింది. పోతురాజు పార్థసారథి 1967, 1971, 1977, 1980లలో కాంగ్రెసు తరఫున వరుసగా నాలుగుసార్లు గెలిచారు. 1977లో ఉత్తర భారతంలో కాంగ్రెసు కుప్పకూలినా ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 దానికే దక్కాయి. రాజంపేట వాటిలో ఒకటి. 1984లో తెలుగుదేశం ప్రభంజనంలో సుగవాసి పాలకొండ్రాయుడు గెలిచారు. అంతకు ముందే ఆయన రాయచోటి నుంచి 1978లో జనతా పార్టీ తరఫున, 1983లో స్వతంత్ర అభ్యర్థిగా శాసనసభకు ఎన్నికయ్యారు. 1989లో కాంగ్రెసు రాష్ట్రంలో 39 స్థానాలు గెలిచినప్పుడు అన్నయ్యగారి సాయిప్రతాప్ రాజంపేట సభ్యులయ్యారు. 1991, 1996, 1998లలోనూ ఆయనే గెలిచారు. 1999లో తెలుగుదేశం అభ్యర్థి గునిపాటి రామయ్య గెలవగా, 2004, 2009లలో మళ్ళీ సాయిప్రతాప్ విజయం సాధించారు. మొత్తం ఆరుసార్లు గెలిచిన సాయిప్రతాప్ 2009 తర్వాత కేంద్ర సహాయమంత్రిగా కూడా పనిచేశారు.

ఈ పన్నెండు ఎన్నికల ఫలితాలను రాష్ట్ర ఫలితాలతో సరిచూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. ప్రతిసారీ రాష్ట్రంలో అత్యధిక లోక్‌సభ స్థానాలు గెలిచిన పార్టీ అభ్యర్థే రాజంపేటలోనూ గెలిచాడు. ఇది యాదృచ్ఛికం కాదని భావించడానికి నియోజకవర్గపు నిర్మాణమే ఆధారం. కొండకు ఇరువైపులా విడివిడిగా ఉన్న శాసనసభ స్థానాల్లో ఎవరి నాయకులు వారికున్నారు. లోక్‌సభ అభ్యర్థికి ఏడు చోట్లా సొంత బలం ఉండడం దుర్లభం. స్థానికంగా ఏక కేంద్రం లేని చోట రాష్ట్రవ్యాప్త గాలిదే తుది మాట అవుతుంది.

ఈ దశలోని రెండవ విశేషం సామాజికమైనది. సీమ లోక్‌సభ స్థానాల్లో రెడ్డి నాయకత్వం బలంగా ఉన్న కాలంలో, 1984 నుంచి 2014 వరకు మూడు దశాబ్దాలు రాజంపేటకు ప్రాతినిధ్యం వహించిన పాలకొండ్రాయుడు, సాయిప్రతాప్, రామయ్య ముగ్గురూ బలిజ వర్గానికి చెందినవారు. రెండు ప్రధాన పార్టీలూ ఈ స్థానాన్ని ఆ వర్గానికి కేటాయించడం ఒక ఆనవాయితీగా మారింది. శాసనసభ స్థానాల్లో పలుచోట్ల రెడ్డి నాయకులు, లోక్‌సభకు బలిజ నాయకులు అన్న ఈ పంపకం బలమైన వర్గాల మధ్య ఒక సర్దుబాటుగా పనిచేసింది. దాని మరో ముఖాన్నీ గమనించాలి. అసలు అధికారం, అంటే పనుల మంజూరు, అధికారుల బదిలీలు, కాంట్రాక్టులు, శాసనసభ్యుల చేతిలో ఉన్నంత కాలం లోక్‌సభ స్థానాన్ని ఇతర వర్గాలకు వదలడానికి స్థానిక నాయకత్వానికి అభ్యంతరం లేకపోయింది.

5. పునర్విభజన, తదనంతర దశ: 2008–2024

2008లో అమలులోకి వచ్చిన పునర్విభజనలో కడప జిల్లాలోని లక్కిరెడ్డిపల్లె, చిత్తూరు జిల్లాలోని వాయల్పాడు శాసనసభ స్థానాలు రద్దయ్యాయి. ప్రస్తుతం నియోజకవర్గంలో రాజంపేట, కోడూరు, రాయచోటి, తంబళ్లపల్లె, పీలేరు, మదనపల్లె, పుంగనూరు అనే ఏడు శాసనసభ స్థానాలు ఉన్నాయి. వీటిలో మొదటి మూడు ఉమ్మడి కడప జిల్లావి, తక్కిన నాలుగు ఉమ్మడి చిత్తూరు జిల్లావి. రాయచోటి సైతం కొండకు పడమటనే ఉంది. కనుక తూర్పు లోయకు మిగిలినవి రాజంపేట, కోడూరు మాత్రమే. ఏడింటిలో ఐదు స్థానాలు పడమట ఉన్న నియోజకవర్గానికి పేరు మాత్రం తూర్పు పట్టణానిది.

వాయల్పాడు రద్దు కావడంతో నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి 2009లో పీలేరుకు మారారు. 2010 నవంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. అంతకు ముందు పీలేరు నుంచి గెలుస్తూ వచ్చిన పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి పుంగనూరుకు మారారు. పునర్విభజన గీతలు ఇద్దరు నాయకుల స్థానాలను మార్చాయి గాని వారి పోటీ అదే లోక్‌సభ పరిధిలో కొనసాగింది.

2011–12 సంఘటనలు రెండవ మలుపు. అవిశ్వాస తీర్మానంపై విప్‌ను ధిక్కరించి అనర్హులైన కాంగ్రెసు శాసనసభ్యుల స్థానాలతో సహా 18 స్థానాలకు 2012 జూన్‌లో ఉప ఎన్నికలు జరిగాయి. వాటిలో రాజంపేట, కోడూరు, రాయచోటి మూడూ ఉన్నాయి. ఆకేపాటి అమర్‌నాథ్‌రెడ్డి, కొరముట్ల శ్రీనివాసులు, గడికోట శ్రీకాంత్‌రెడ్డి వైఎస్సార్ కాంగ్రెసు అభ్యర్థులుగా తిరిగి గెలిచారు. దశాబ్దాల కాంగ్రెసు ఓటు పార్టీ పేరు మార్చుకుని కొత్త గూటికి చేరింది.

2014లో రామచంద్రారెడ్డి కుమారుడు పి.వి. మిథున్‌రెడ్డి వైఎస్సార్ కాంగ్రెసు తరఫున పోటీ చేసి, బీజేపీ అభ్యర్థి దగ్గుబాటి పురందేశ్వరిపై సుమారు 1.75 లక్షల ఓట్ల తేడాతో గెలిచారు. విభజిత ఆంధ్రప్రదేశ్‌లోని 25 స్థానాల్లో తెలుగుదేశం 15 గెలిచిన ఎన్నిక అది. 1962 తర్వాత రాజంపేట రాష్ట్రపు గాలికి ఎదురు నిలిచింది అప్పుడే. 2019లో తెలుగుదేశం అభ్యర్థి డి.ఎ. సత్యప్రభపై మిథున్‌రెడ్డి ఆధిక్యం సుమారు 2.68 లక్షలకు పెరిగింది. 2024లో వైఎస్సార్ కాంగ్రెసు రాష్ట్రంలో నాలుగు లోక్‌సభ స్థానాలకే పరిమితమైనా వాటిలో రాజంపేట ఒకటి. ఆ ఎన్నికలో మాజీ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డి బీజేపీ అభ్యర్థిగా సుమారు 76 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు.

2024 ఫలితాన్ని మరింత నిశితంగా చూడాలి. ఏడు శాసనసభ స్థానాల్లో కూటమి నాలుగింటిని గెలిచింది: రాయచోటి, పీలేరు, మదనపల్లె తెలుగుదేశానికి, కోడూరు జనసేనకు దక్కాయి. రాజంపేట, తంబళ్లపల్లె, పుంగనూరు వైఎస్సార్ కాంగ్రెసుకు మిగిలాయి. శాసనసభ స్థానాల్లో వెనుకబడిన పార్టీ లోక్‌సభ స్థానాన్ని నిలుపుకోవడానికి రెండు కారణాలను ఊహించవచ్చు. ఒకటి, పొత్తులో ఈ స్థానం 2014లోనూ 2024లోనూ స్థానికంగా పెద్దదైన తెలుగుదేశానికి కాక బీజేపీకి వెళ్ళడం. రెండు, పడమటి మండలాల్లో ఒక కుటుంబానికి ఏర్పడిన వ్యవస్థాగతమైన పట్టు. పుంగనూరులో తండ్రి, తంబళ్లపల్లెలో పినతండ్రి పెద్దిరెడ్డి ద్వారకనాథరెడ్డి, లోక్‌సభకు కుమారుడు అదే ఎన్నికలో గెలవడం ఇందుకు నిదర్శనం.

పూర్వం ఏక కేంద్రం లేని నియోజకవర్గానికి 2008 తర్వాత పడమట ఒక కేంద్రం ఏర్పడిందని చెప్పవచ్చు. బలిజ ప్రాతినిధ్యపు ఆనవాయితీ కూడా దానితోనే ముగిసింది.

6. మంగంపేట: సంపద ఒక చోట, బలం మరో చోట

ఈ మార్పు ప్రభావాన్ని అంచనా వేయడానికి మంగంపేట తగిన ఉదాహరణ. ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఊరి వద్ద సుమారు 7.4 కోట్ల టన్నుల బెరైటీస్ నిక్షేపం ఉంది. ఒకే చోట ఇంతటి నిక్షేపం ప్రపంచంలో మరొకటి లేదని భూగర్భశాస్త్రజ్ఞులు పేర్కొంటారు. కడప శిలావ్యవస్థలోని నల్లమల వర్గానికి చెందిన ఈ పొరలను వారు పుల్లంపేట పేరుతోనే వ్యవహరిస్తారు. పాలనలో కనుమరుగైన పాత తాలూకా పేరు ఆ విధంగా శాస్త్రగ్రంథాల్లో నిలిచి ఉంది. స్థానికులు ముగ్గురాయి అని పిలిచే ఈ ఖనిజం బరువైనది. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అదుపు చేయడానికి వాడే బురదలో దీని పొడిని కలుపుతారు. 1973 చమురు సంక్షోభం తర్వాత ప్రపంచమంతటా తవ్వకాలు పెరగడంతో ముగ్గురాయికి గిరాకీ పెరిగింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ తవ్వకాలు సాగిస్తోంది. పరిసరాల్లో రాయిని పొడిచేసే పల్వరైజింగ్ మిల్లులు వెలిశాయి.

మంగంపేట ప్రజల సమస్యలు మూడు విధాలు: గనికి ఆనుకుని ఉన్న పల్లెలకు దుమ్ము, పేలుళ్ళు, పునరావాసం, కూలీలకు పని, మిల్లులకు ముడిరాయి కేటాయింపు. ఇవన్నీ ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోనివి. అందువల్ల వీటిని ప్రస్తావించవలసిన వేదిక శాసనసభ. కోడూరు షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేసిన స్థానం. రిజర్వేషను వల్ల దళిత ప్రతినిధి సభలో అడుగుపెట్టగలిగాడు. అయితే అభ్యర్థుల ఎంపికలో, ప్రచార వ్యయంలో భూమి, గనులు, కాంట్రాక్టులు గల వర్గాల ప్రమేయం ఉండే చోట ఆ ప్రతినిధి స్వతంత్రంగా వ్యవహరించే అవకాశం పరిమితమవుతుంది. రిజర్వుడు స్థానాలన్నిటికీ వర్తించే ఈ చిక్కు ఖనిజ ప్రాంతంలో మరింత బిగుసుకుంటుంది.

కేంద్రం పాత్ర కూడా తక్కువది కాదు. 2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం బెరైటీస్‌ను చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చి నియంత్రణాధికారాన్ని రాష్ట్రానికి వదిలింది. పదేళ్ళ తర్వాత, 2025 ఫిబ్రవరిలో, దానిని తిరిగి ప్రధాన ఖనిజంగా ప్రకటించింది. 2015లోనే గనుల చట్టానికి తెచ్చిన సవరణ ద్వారా ప్రభావిత ప్రాంతాల కోసం జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డాయి. ఓబులవారిపల్లె నుంచి వెలిగొండలను తొలుచుకుని వెంకటాచలం వెళ్ళే రైలు మార్గం 2019 సెప్టెంబరులో ప్రారంభమై, కృష్ణపట్నం రేవును చేరువ చేసింది. ఈ నిర్ణయాలన్నిటికీ పార్లమెంటుతో సంబంధం ఉంది. అక్కడ మంగంపేట పక్షాన మాట్లాడవలసిన సభ్యుని గెలుపోటములు మాత్రం ప్రధానంగా కొండకు అవతల ఉన్న ఓట్లపై ఆధారపడి ఉన్నాయి. ఏ ఒక్క సభ్యుని శ్రద్ధాశ్రద్ధలతోనూ దీనికి నిమిత్తం లేదు; సరిహద్దు గీతలోనే ఈ అసమానత ఉంది.

7. పేరు, కేంద్రం, విపత్తు

2022 ఏప్రిల్ 4న లోక్‌సభ నియోజకవర్గం ప్రాతిపదికగా కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఈ అసమానత బహిరంగమైంది. పుంగనూరు మినహా రాజంపేట నియోజకవర్గాన్ని అన్నమయ్య జిల్లాగా ప్రకటించి, రాయచోటిని కేంద్రంగా నిర్ణయించారు. లోక్‌సభ స్థానానికి పేరునిచ్చిన రాజంపేటకు జిల్లా కేంద్రం దక్కలేదు. అన్నమాచార్యుల స్వగ్రామమైన తాళ్లపాక రాజంపేట మండలంలోనిదే. పేరు తూర్పునుంచి తీసుకుని కార్యాలయాలు పడమట నెలకొల్పారన్న ఆవేదనతో రాజంపేటలో ఆందోళనలు సాగాయి.

దానికి కొన్ని నెలల ముందే, 2021 నవంబరు 19న, చెయ్యేటిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వంటి ఊళ్ళను వరద ముంచెత్తింది. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇళ్ళు, పశువులు, పొలాలు కొట్టుకుపోయాయి. సాగుభూముల్లో ఇసుక మేటలు వేసింది. ఈ నేపథ్యంలో జిల్లా కేంద్రం కోసం జరిగిన ఆందోళనను పట్టణ గౌరవం కోసం జరిగినదిగా మాత్రమే చూడరాదు. ఆపద వేళ అధికారి ఎంత దూరంలో ఉన్నాడన్నది చెయ్యేటి లోయ ప్రజలకు అనుభవంలోకి వచ్చిన ప్రశ్న.

8. ముగింపు

రాజంపేట లోక్‌సభ నియోజకవర్గ చరిత్రను మూడు దశలుగా విభజించవచ్చు. 1957–62 మధ్య ప్రత్యామ్నాయాన్ని వెదికిన దశ, 1967–2009 మధ్య రాష్ట్రపు గాలిని అనుసరించిన దశ, 2014 నుంచి పడమటి కేంద్రం స్థిరపడిన దశ. మొదటి రెండు దశల్లో తూర్పు, పడమరలలో దేనికీ శాశ్వతమైన పైచేయి లేదు. మూడవ దశలో పునర్విభజన, కాంగ్రెసు చీలిక, కుటుంబ నాయకత్వం అనే మూడు కారణాలు కలిసి ఆ సమతూకాన్ని మార్చాయి.

ఓటరు చైతన్యంలో లోపం ఉన్నదని దీని అర్థం కాదు. 2024లో కోడూరు ఓటర్ల పరిధిలో శాసనసభకు ఒక పక్షం, లోక్‌సభకు మరొక పక్షం గెలుపొందాయి. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఈ ప్రాంతం తన తీర్పు తాను చెబుతూనే ఉంది. ఆ తీర్పు లోక్‌సభ స్థాయికి చేరేసరికి కొండ అవతలి సంఖ్యాబలంలో కలిసిపోతున్నది. రాబోయే పునర్విభజనలో జనాభా లెక్కలతో పాటు కొండలను, ఏరులను, రైలు మార్గాలను, ఖనిజ ప్రభావిత ప్రాంతాలను కూడా ప్రాతిపదికగా తీసుకోవలసిన అవసరాన్ని రాజంపేట అనుభవం సూచిస్తున్నది. మంగంపేట రాయి కృష్ణపట్నం రేవు దాటి ప్రపంచపు చమురు బావులను చేరుతున్నది. ఆ రాయి తవ్విన ఊరి మాట కొండ దాటి ఢిల్లీ చేరే మార్గం ఇంకా ఏర్పడవలసి ఉంది.